నారింజ, బత్తాయి, చీనీ: ఒక్క పండుకు ఇన్ని పేర్లెందుకు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. మా తోటలో కాసే కాయను మేము చీనీకాయ అంటాము. నల్గొండ జిల్లాకు కోడలిగా వెళ్లిన మా అక్క దాన్నే బత్తాయి అంటుంది. హైదరాబాదులో రసం తీసి అమ్మే బండి మీద మోసంబి అని రాసి ఉంటుంది. మా పాప బడి పుస్తకంలో ఆరెంజ్ బొమ్మ కింద నారింజ అని వేశారు. వీటిలో అసలైన తెలుగు మాట ఏది? మిగతా దేశాలవాళ్లు ఈ పండును ఏమని పిలుస్తారు?
— ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: అమ్మా, మీరు రాసిన పేర్లలో తప్పు పేరు ఒక్కటీ లేదు. ఇక్కడున్నవి రెండు వేర్వేరు పండ్లనీ, అవి రెండు వేర్వేరు కాలాల్లో లోకమంతా తిరిగాయనీ తెలుసుకుంటే ఈ పేర్ల చిక్కు విడిపోతుంది. మొదటిది పుల్లనిది, రెండవది తియ్యనిది.

కోస్తా పల్లెల్లో పాతకాలంవారు నారింజకాయ అంటే పుల్లని కాయ అనే అర్థం. మా అమ్మమ్మగారి దొడ్లో బావి పక్కన అలాంటి చెట్టు ఒకటి ఉండేది. కాయను అడ్డంగా కోసినప్పుడు తొక్కలోంచి చిమ్మిన నూనె కంట్లో పడి మండేది, గింజలు రాకుండా వేళ్ల సందుల్లోంచి రసాన్ని పులిహోరలోకి పిండేవారు, మిగిలిన కాయలు ఊరగాయకు వెళ్లేవి. దాన్ని ఒలుచుకుని తొనలు తినాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ వచ్చేది కాదు. ఆ పుల్లని కాయే భారతదేశం నుంచి పడమటికి వెళ్లింది, వెళ్తూ తన పేరును కూడా వెంట తీసుకుపోయింది. సంస్కృతంలో అది నారంగం, పారసీలో నారంగ్. అరబ్బీ లిపిలో ‘గ’కు అక్షరం లేకపోవడం వల్ల అక్కడ అది నారంజ్ అయింది. అరబ్బులు సిసిలీలోనూ స్పెయిన్‌లోనూ ఆ చెట్లు నాటారు కనుక స్పానిష్‌లో నరన్హా, పోర్చుగీసులో లరాంజ, హంగేరియన్‌లో నరాన్చ్, గ్రీకులో నెరాన్జి, ఇటాలియన్‌లో అరాంచ, ఫ్రెంచిలో ఓరాంజ్ అనే రూపాలు ఏర్పడ్డాయి. ఫ్రెంచివారి దగ్గర నుంచి ఇంగ్లీషు తీసుకున్నది.

తియ్యని పండు కథ వేరు. ఐరోపాకు అది ముఖ్యంగా 15వ, 16వ శతాబ్దాలలో చేరింది. 1498లో వాస్కో డ గామా కాలికట్‌కు వచ్చిన తరువాత తూర్పు సముద్రాల్లో తిరిగిన పోర్చుగీసు ఓడలు మేలు రకాలను తెచ్చి మధ్యధరా తీరమంతటా వ్యాపింపజేశాయి. పుల్లని కాయకు అప్పటికే పేరు ఉండడంతో కొత్తగా వచ్చిన తియ్యని పండును ఆ తీరంలో చాలామంది ‘పోర్చుగల్ పండు’ అని పిలిచారు. తుర్కీలో పోర్తకాల్, గ్రీకులో పోర్తొకాలి, బల్గేరియన్‌లో పోర్తొకాల్, రుమేనియన్‌లో పోర్తొకాల, అరబ్బీలో బుర్తుకాల్, పారసీలో పోర్తెగాల్, ఇథియోపియాలోని అమ్హారిక్‌లో బిర్తుకన్, ఇవన్నీ ఆ దేశం పేరే. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లు పండ్ల దుకాణాల్లో బుర్తుకాల్ అనే మాట వినే ఉంటారు. అరబ్బీలో నారంజ్ అంటే ఇప్పటికీ పుల్లని కాయ, బుర్తుకాల్ అంటే తియ్యని పండు. మనకు నారింజకూ బత్తాయికీ ఉన్న తేడా సరిగ్గా ఇదే. అయితే పోర్చుగల్‌లో ఆ పండును పోర్చుగల్ పండు అనరు, వాళ్లకది లరాంజ.

ఉత్తర ఐరోపాకు పండు డచ్చి, జర్మన్ రేవుల మీదుగా చేరింది. అక్కడివారు దాన్ని చైనా సరుకుగా చూశారు. వారికి బాగా తెలిసిన పండు ఆపిల్ కాబట్టి ‘చైనా ఆపిల్’ అని పేరు పెట్టారు. డచ్చిలో సీనాస్‌అప్పల్, జర్మనీ ఉత్తర ప్రాంతాల్లో ఆప్ఫెల్జీనె, స్వీడిష్‌లో అపెల్సీన్, ఫిన్నిష్‌లో అప్పెల్సీని, రష్యన్‌లో అపిల్సీన్ అనే మాటలన్నింటిలోనూ ఆపిలూ ఉంది, చైనా కూడా ఉంది. వృక్షశాస్త్రంలో తియ్యని జాతికి ఉన్న సిట్రస్ సైనెన్సిస్ అనే లాటిన్ పేరుకు కూడా చైనాకు చెందినదనే అర్థం. చైనాలో మాత్రం ఎవరూ దాన్ని చైనా పండు అనరు, అక్కడ దాని పేరు ఛంగ్.

మీ ఇంటి మాట దగ్గరకు ఇప్పుడు వస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకున్న మాట చీనీ. కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో దీవిలో స్పానిష్ మాట్లాడేవారు తియ్యని నారింజను ‘చీనా’ అంటారు. స్పానిష్ ప్రపంచంలో ఎక్కువ భాగం నరన్హా అంటుండగా అక్కడ మాత్రం పొద్దున్నే గ్లాసులో పోసి ఇచ్చేది చీనా రసం. తాడిపత్రి రైతుకూ ప్యూర్టోరికో రైతుకూ ఎన్నడూ పరిచయం లేదు, మధ్యలో సగం భూగోళం ఉంది, అయినా ఇద్దరూ ఒకే పండును ఒకే దేశం పేరుతో పిలుస్తున్నారు. రాయలసీమ వెలుపల కొందరు చీనీ అనే మాట విని అదేదో మోటు మాట అనుకోవడం నేను చూశాను. అది మోటు మాట కాదు, స్వీడన్ నుంచి ప్యూర్టోరికో దాకా బంధువులున్న మాట.

బత్తాయికి కూడా ఇలాంటి పుట్టుకే చెబుతారు. డచ్చివారు 1619లో జావా దీవిలో బటేవియా నగరాన్ని కట్టారు, నేటి జకార్తా అదే. ఆ కాలంలోనే మచిలీపట్నంలో, ఆ తరువాత భీమునిపట్నంలో వారికి వర్తక స్థావరాలు ఉండేవి, మన తీరం నుంచి నూలు బట్టలు ఓడలకెక్కి ఆ నగరానికి వెళ్లేవి. ఆ దారిన వచ్చిన బటేవియా నారింజ తెలుగు నోట నలిగి బత్తావి, బత్తాయి అయింది. తోటల శాఖవారి పుస్తకాల్లో కోస్తా జిల్లాల రకం ఒకటి నేటికీ బటేవియన్ అనే పేరుతోనే కనిపిస్తుంది. మోసంబి అంటే ఆఫ్రికా తూర్పు తీరంలోని మొజాంబిక్. పంజాబులో తియ్యని నారింజను మాల్టా అంటారు, అది మధ్యధరా సముద్రంలోని దీవి.

తియ్యని పండుకు ఉన్న ఇలాంటి పేర్లు ఆ పండు ఎక్కడ పుట్టిందో చెప్పవు, ఆయా ఊళ్లవారికి అది ఎవరి చేతి మీదుగా, ఏ రేవు నుంచి అందిందో చెబుతాయి. అందుచేత వీటిలో ఒకదాన్ని అసలు తెలుగుగా ఎంచి మిగతావాటిని తోసేయడం నాకు ఇష్టం లేదు. మీ పాప పుస్తకంలో తియ్యని పండు బొమ్మ ఉంటే దాని కింద బత్తాయి, చీనీ అనే రెండు మాటలూ వేయడం న్యాయం. నారింజ అనే మాటను పులిహోరలోకి పిండే కాయకు ఉంచితే ఆ మాటకున్న పాత అర్థం నిలుస్తుంది.

ప్రశ్న: ఇంగ్లీషులోని ఆరెంజ్ అనే మాట మన తెలుగు నారింజ నుంచే వెళ్లిందని, ఇంగ్లీషువాళ్లు ‘ఎ నారెంజ్’ను ‘ఎన్ ఆరెంజ్’గా పొరపాటున విడదీయడం వల్ల నకారం పోయిందని వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతోంది. నిజమేనా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: సగం నిజం. సంస్కృత నారంగ శబ్దానికి ద్రావిడ భాషల్లోనే మూలం ఉందని చాలామంది భాషావేత్తలు అంగీకరిస్తారు. తమిళంలో నారత్తై ఉంది. మలయాళంలో నారంఙ ఉంది, అందులో నారం, కాయ్ అనే రెండు మాటలు కలిసి ఉన్నాయని చెబుతారు. ఈ నారం అనే మాటను సువాసన అనే అర్థం గల తమిళ ‘నఱు’తో ముడిపెట్టేవారు కూడా ఉన్నారు కానీ, నారత్తైలో ఉన్నది మామూలు ర, నఱులో ఉన్నది బండి ఱ. తమిళంలో ఈ రెండూ వేర్వేరు అక్షరాలు కాబట్టి ఆ ముడి గట్టిది కాదని నా అభిప్రాయం.

అయితే ద్రావిడ మూలం అనడం, తెలుగు నుంచి వెళ్లింది అనడం ఒకటి కాదు. పడమటికి ప్రయాణించిన రూపం నారంగం. మన నారింజ చివర ఉన్న జకారం చూస్తే అది అరబ్బీ, పారసీల నారంజ్‌కే దగ్గరగా వినిపిస్తుంది. మన నారింజను ఇంగ్లీషు ఆరెంజ్‌కు తల్లి అనడం కంటే దగ్గరి చుట్టం అనడమే సబబు. దక్షిణాది మాట ఒకటి ఇన్ని ఖండాలు తిరగడమే చాలా గొప్ప సంగతి, దానికి లేని గొప్ప ఇంకొకటి తగిలించనక్కర లేదు.

నకారం పోయిన మాట నిజమే కానీ ఆ పని చేసింది ఇంగ్లీషువారు కాదు. మాట ఇంగ్లీషుకు చేరేసరికే నకారం లేదు. ఇటాలియన్‌లో ‘ఊన నరాంచ’ అనేది పలుకుబడిలో ‘ఊన్ అరాంచ’గా విడిపోయింది, ఫ్రెంచిలోనూ అలాంటి విడుపే జరిగింది. ఫ్రెంచిలో బంగారాన్ని ‘ఓర్’ అంటారు కనుక బంగారు రంగు పండు పేరు మొదట్లో ఆ ధ్వని వచ్చి చేరడం వారికి సహజంగా తోచి ఉంటుంది. ఆప్రన్ అనే ఇంగ్లీషు మాట మాత్రం మీ సందేశంలో చెప్పిన పద్ధతిలోనే ‘నాప్రన్’ నుంచి నకారం పోగొట్టుకున్నది. ఆ ఉదాహరణను చూసి ఆరెంజ్‌కు కూడా అదే జరిగిందని ఎవరో అనుకుని ఉంటారు.

ప్రశ్న: మా మామగారికి జ్వరం వచ్చి బత్తాయి రసం అడిగారు. ఇండియాలో దాన్ని ఇంగ్లీషులో స్వీట్ లైమ్ అంటారు కదా అని ఇక్కడి దుకాణాల్లో ఆ పేరుతో అడిగితే నిమ్మకాయల వైపు చూపించారు. ఇక్కడ బత్తాయిని ఏమంటారు?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఆరెంజ్ అంటారు. మీ దుకాణంలో నేవల్ అనీ వాలెన్షియా అనీ కుప్పలుగా పోసి ఉన్నవి బత్తాయికి తోబుట్టువులే, అన్నీ ఒకే జాతి. స్వీట్ లైమ్ అనేది మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడిన పేరు, బత్తాయి నిజానికి నిమ్మ కాదు. మన మోసంబి రకంలో పులుపు బాగా తక్కువ, అందుకే అమెరికా ఆరెంజ్ రసం మీ మామగారి నాలుకకు కాస్త పుల్లగా తగలవచ్చు.

ఈ తికమకకు ఇంకొక కారణం ఉంది. మన బజార్లలో ఆరెంజ్ అంటే వదులు తొక్కతో చేత్తో ఒలిచే కమలాపండు, అదే హిందీవారి సంతరా. మీ దగ్గర దాన్ని మాండరిన్ అనీ టాంజరీన్ అనీ అమ్ముతారు. టాంజరీన్ అనే పేరు మొరాకోలోని టాంజియర్ రేవు నుంచి వచ్చింది. మాండరిన్ అనే మాట వెనక్కి వెళ్తూ వెళ్తూ మన దగ్గరికే చేరుతుంది. చైనా అధికారులను పోర్చుగీసువారు పిలిచిన ఆ పేరు మలయా భాషలోని ‘మంతెరి’ నుంచి, ఆ మంతెరి సంస్కృత మంత్రి శబ్దం నుంచి వచ్చాయి. కమలాపండు, పంపరపనస జాతులు ఎంతో కాలం కిందట కలిసినప్పుడు పుట్టిన సంకరమే బత్తాయి అని జన్యు పరిశోధనల్లో తేలింది. పంపరపనసకు పనసతో ఏ సంబంధమూ లేదు. డచ్చివారి పొంపెల్‌మూస్, ఫ్రెంచివారి పాంప్ల్‌మూస్ ఉన్న కుటుంబానికి చెందిన మాట అది, తెలుగువారి నోట తెలిసిన పండు పేరులా మారింది.

ప్రశ్న: రంగును బట్టి పండుకు పేరు వచ్చిందా, పండును బట్టి రంగుకు వచ్చిందా?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: పండే ముందు. ఇంగ్లీషులో ఆరెంజ్ అనే మాట రంగుకు వాడడం 16వ శతాబ్దంలో మొదలైంది. అంతకుముందు ఆ రంగును ఎరుపులోనో పసుపులోనో కలిపి చెప్పేవారు, అవసరమైతే పసుపు–ఎరుపు అని జంటగా అనేవారు. రాబిన్ పిట్ట గుండె మీద ఉన్నది నారింజ రంగే అయినా ఇంగ్లీషులో దాన్ని నేటికీ ఎర్రగుండె పిట్ట అనే అంటారు, ఆ పేరు పెట్టిన రోజుల్లో వారి దగ్గర నారింజకు మాట లేదు. మనకు కాషాయం, కుంకుమ, గైరికం (జేగురు మట్టి రంగు) వంటి మాటలు వేరే వస్తువుల నుంచి ముందే ఉన్నాయి, నారింజ రంగు అనేది వాటి పక్కన వచ్చి చేరింది. హీబ్రూలో పండుకు రంగు ఆధారమైంది, ‘బంగారు ఆపిల్’ అనే రెండు మాటలను కుదించి తపూజ్ అన్నారు. థాయి భాషలో సోమ్ అంటే పండు, సోమ్ అంటే ఆ పండు రంగు కూడా. ఆ మాటకు ఇంకో అర్థం పులుపు, పచ్చి బొప్పాయితో చేసే సోమ్‌తమ్ అనే వంటకం పేరులో ఉన్నది ఆ అర్థమే.