హనుమకొండలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కుక్కను పెంచొద్దంటోంది. అలా అనొచ్చా?

అనడానికి లేదు. జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రకారం, అందరూ కలిసి తీర్మానం చేసినా పెంపుడు కుక్కను నిషేధించలేరు. కానీ బాధ్యత మొత్తం మీదే. మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించండి, ఆపైన డాక్టర్ చెప్పినట్టు బూస్టర్లు. కార్డు పారేయొద్దు. లైసెన్సు సంగతి వరంగల్ కార్పొరేషన్ ఆఫీసులో కనుక్కోండి.

వడ్డేపల్లి చెరువు కట్ట మీద తిప్పేటప్పుడు బెల్టు చేతికి చుట్టుకుని, పిల్లలు ఎదురైతే కుక్కను దగ్గరికి లాక్కోండి. జేబులో పాత పేపరు ఉంచుకోండి, మలం మీరే ఎత్తాలి. మీ నిర్లక్ష్యం వల్ల మనుషులకు ప్రమాదం ఏర్పడితే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇంకొకటి, నాకు చాలా బాధనిపించేది: ఎప్పుడూ గొలుసుతో కట్టేసి, బయట తిప్పకపోవడం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అదీ నేరమే.