ఒకే దేశం–ఒకే చందా వచ్చాక కూడా నల్లగొండ ప్రైవేటు డిగ్రీ కాలేజీ విద్యార్థికి జర్నల్ పేపర్లు ఎందుకు తెరుచుకోవు? ఫ్లోరైడ్ ప్రాజెక్టుకు వేరే దారి ఉందా?

జర్నళ్లకు కేంద్రమే చందా కట్టే ఆ పథకం అందరికీ తెరిచిన తలుపు కాదు. 2024 నవంబరులో కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు మంజూరు చేసింది. 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, సుమారు 13,000, అందులో ఉన్నాయి. కానీ అవి ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకే. ప్రైవేటు కాలేజీ పిల్లల్ని బయటే నిలబెట్టడం అన్యాయమే.

మీరు ముందు మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు (పరిశోధన గ్రంథాలు) ఉండే వెబ్‌సైటు శోధ్‌గంగ తెరవండి. లాగిన్ అక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. 'ఫ్లోరైడ్', 'నల్గొండ' అని ఇంగ్లిష్ స్పెల్లింగులో వెతకండి. థీసిస్ ఒకే ఫైలుగా ఉండదు, అధ్యాయానికో పీడీఎఫ్. పేరులో 80 అంకె, 'రికమెండేషన్' అని ఉన్న ఫైలు కనిపిస్తే ముందు అదే దించుకోండి, చాలాసార్లు ముగింపు అందులోనే దొరుకుతుంది. పాత థీసిస్‌లు కొన్ని స్కాన్ చేసిన బొమ్మలు. వాటిలో పదం వెతికితే దొరకదు, పేజీలు తిప్పాల్సిందే.

సాగు సంగతులకైతే వ్యవసాయ యూనివర్సిటీల థీసిస్‌లుండే వెబ్‌సైటు కృషికోశ్.

పేపరే కావాలంటే గూగుల్ స్కాలర్‌లో శీర్షిక కింద 'ఆల్ వెర్షన్స్' నొక్కండి. రచయిత ఉచితంగా పెట్టిన ప్రతి అక్కడ ఉండొచ్చు. లేకపోతే పేపర్‌లో ఉన్న ఈమెయిల్‌కు మర్యాదగా రాసి అడగండి.