బ్రయన్ బోరు సమాధి ఎక్కడ ఉంది? ఓబ్రయన్‌లందరూ అతని వంశస్థులేనా?

మధ్యయుగపు ఐర్లండు రాజు బ్రయన్ బోరు సమాధిని చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి, ఓబ్రయన్ అనే ఇంటిపేరు ఉన్నవారంతా అతని సంతతేనా అని మీరు అడిగారు. అతన్ని ఉత్తర ఐర్లండులోని ఆర్మా పట్టణంలో ఖననం చేశారు, కానీ అక్కడ చూడటానికి సమాధి ఏదీ మిగలలేదు. వంశం మాత్రం నేటికీ ఉంది. అయితే ఆ ఇంటిపేరు ఉన్న ప్రతివారూ ఆ రక్తసంబంధీకులని చెప్పడానికి వీలులేదు. ఎనిమిదేళ్ళుగా డబ్లిన్‌లో ఉంటున్నవాడిగా ఈ రెండు ప్రశ్నల వెంట నేనూ కొంత తిరిగాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక ముఖ్యమైన సంగతి. డబ్లిన్ నుంచి ఆర్మాకు వెళ్ళే దారిలో సరిహద్దు దగ్గర ఆపి తనిఖీ చేసేవారు కనబడరు గానీ, ఆర్మా ఉన్నది యునైటెడ్ కింగ్‌డమ్‌లో. ఐర్లండు నివాస కార్డు ఉన్నా, భారతీయ పాస్‌పోర్టుతో అక్కడికి వెళ్ళడానికి వేరే వీసా కావాలి. ఆ వీసా వచ్చేదాకా నేను ఆగవలసి వచ్చింది. తీరా వెళ్ళాక, దూరం నుంచే కనబడుతున్న రెండు ఎత్తయిన శిఖరాలను చూసి నేరుగా ఆ చర్చికే నడిచాను. అక్కడ అడిగితే తెలిసింది, ఆర్మాలో సెయింట్ పాట్రిక్ (ఐర్లండులో క్రైస్తవాన్ని వ్యాపింపజేశాడని చెప్పే సాధువు) పేరిట రెండు కెథడ్రళ్ళు, అంటే పీఠాధిపతి ఉండే పెద్ద చర్చిలు, ఎదురెదురు కొండల మీద ఉన్నాయని, నేను వచ్చింది పంతొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టి కట్టిన కాథలిక్ కెథడ్రల్‌కని. మీరు వెళ్ళవలసింది రెండవదానికి, అంటే చదరపు గోపురం ఉన్న ప్రాచీన స్థలానికి. అక్కడ ఉత్తరపు రెక్క బయటి గోడలో ఒక రాతిపలక అమర్చి ఉంటుంది. 1014లో డబ్లిన్ పక్కనున్న క్లోంటార్ఫ్ దగ్గర యుద్ధంలో చనిపోయిన బ్రయన్ దేహాన్ని మహాదేవాలయానికి ఉత్తరాన, ఈ చోటికి దగ్గరలో ఉంచారని దాని మీద చెక్కారు. “ఇక్కడే” అని కాక “దగ్గరలో” అని రాయడం నాకు నచ్చింది, ఎందుకంటే ఆ కట్టడం ఎన్నోసార్లు ధ్వంసమై, తిరిగి లేచి, 1834 తర్వాత మరోసారి పెద్ద ఎత్తున పునర్నిర్మాణానికి లోనైంది.

అసలు ఆర్మాలోనే ఎందుకు? బ్రయన్‌ది దక్షిణాన మన్‌స్టర్ ప్రాంతం, డాల్ గాష్ అనే తెగ. అతని నివాసం షానన్ నది ఒడ్డున కిల్లలూ దగ్గర. సొంత గడ్డ మీద చర్చిలు లేక కాదు, దేహాన్ని అంత దూరం తీసుకుపోయింది. 1002లో సర్వోన్నత రాజుగా గుర్తింపు పొందిన బ్రయన్ 1005లో ఆర్మాకు వెళ్ళి, ఇరవై ఔన్సుల బంగారాన్ని బలిపీఠం మీద ఉంచి, సెయింట్ పాట్రిక్ పీఠానికి ఐర్లండు చర్చిలన్నిటిలో ఉన్న అగ్రస్థానాన్ని అంగీకరించాడు. ఆ సందర్భంలో అతని వెంట వచ్చిన మతాధికారి అక్కడి పవిత్ర గ్రంథంలో అతన్ని “స్కోటుల చక్రవర్తి” అని లాటిన్‌లో రాశాడు (ఆ రోజుల్లో స్కోటులంటే గేలిక్ భాష మాట్లాడే ప్రజలు). ఆ గ్రంథం ఇప్పుడు డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఉంది. తొమ్మిదేళ్ళ తర్వాత జరిగిన అంత్యక్రియలు ఆ ఒప్పందానికి కొనసాగింపని నా అభిప్రాయం.

1014 ఏప్రిల్ 23న, గుడ్ ఫ్రైడే నాడు, క్లోంటార్ఫ్ యుద్ధంలో అతని పక్షం గెలిచింది, కానీ డెబ్బై దాటిన బ్రయన్, కొడుకు ముర్ఖద్, ఆ ముర్ఖద్ కొడుకు టర్లో, ముగ్గురూ ఆ యుద్ధంలోనే పోయారు. అల్‌స్టర్ ఆనల్స్ అనే మధ్యయుగపు వార్షిక చరిత్ర గ్రంథం ప్రకారం ఆర్మా పీఠాధిపతి మేల్ ముయిరె తన మతగురువులతో, సాధువుల పవిత్ర అవశేషాలతో డబ్లిన్‌కు ఉత్తరాన ఉన్న స్వోర్డ్స్ దాకా స్వయంగా వచ్చి, బ్రయన్, ముర్ఖద్‌ల దేహాలను, వారితోపాటు మరణించిన మరి ఇద్దరి తలలను తీసుకువెళ్ళి కొత్త సమాధిలో ఉంచాడు, రాజు గౌరవార్థం పన్నెండు రాత్రులు జాగారం చేశారు. పన్నెండు అనగానే మనకు పన్నెండో రోజు కర్మ గుర్తుకు వస్తుంది గానీ, దీనికీ దానికీ సంబంధం లేదు.

ఇక సంతతి విషయం. గేలిక్ రాజ్యాల్లో పెద్ద కొడుకుకే సింహాసనం అన్న నియమం లేదు. తండ్రివైపు దాయాదులలో సమర్థుడికి అది దక్కేది, అందువల్ల అన్నదమ్ముల మధ్య రక్తపాతం తప్పేది కాదు. బ్రయన్ కొడుకు టైగ్ 1023లో హత్యకు గురయ్యాడు, ఆ హత్య వెనుక ఉన్నది అతని సవతి సోదరుడు డొన్ఖద్. నలభై ఏళ్ళకు టైగ్ కొడుకు (ఇతని పేరూ టర్లోయే) పినతండ్రిని గద్దె దించాడు. డొన్ఖద్ తీర్థయాత్రగా రోమ్‌కు వెళ్ళి 1064లో అక్కడే కన్నుమూశాడు. తర్వాతి ఓబ్రయన్ రాజవంశమంతా హత్యకు గురైన టైగ్ శాఖే. “ఉఆ బ్రియన్” అంటే బ్రయన్ మనుమడు లేదా వంశీయుడు. అదే తర్వాత ఓబ్రయన్ అయింది. 1543లో ఆ వంశపు మరో నాయకుడు, మర్రో ఓబ్రయన్, ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీకి లొంగి థోమండ్ ఎర్ల్, ఇంచిక్విన్ బారన్ బిరుదులు పొందాడు. ఈ రెండవ బిరుదు నేటికీ అదే కుటుంబంలో ఉంది.

నాతో పనిచేసే ఓబ్రయన్ ఒకాయన డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నాడు. డాల్ గాష్ తెగకు గుర్తుగా చెప్పే ఆర్-ఎల్226 అనే పురుషవంశపు జన్యుచిహ్నం ఆయనలో రాలేదు, ఆయన చాలా బాధపడ్డాడు. తల్లి ఇంటిపేరు తీసుకున్నవారు, ఆ తెగను ఆశ్రయించి ఆ పేరు పెట్టుకున్నవారు, దత్తతకు వచ్చినవారు కూడా ఈ వెయ్యేళ్ళలో ఉంటారు కదా అని నేను చెప్పాను. పైగా ఆ చిహ్నం ఓబ్రయన్‌లలోనే కాక డాల్ గాష్‌లోని ఇతర ఇంటిపేర్లలోనూ కనిపిస్తుంది కాబట్టి, అది వచ్చినంత మాత్రాన కూడా బ్రయన్ సంతతి అని రుజువు కాదు. అది పురుషుల వైపు గీతను మాత్రమే చూపుతుంది, కూతుళ్ళ ద్వారా సాగిన సంతతిని చెప్పదు.

ఆర్మాలో ముఖమేదీ కనబడక వెలితిగా అనిపిస్తే, క్లేర్ కౌంటీలోని బరెన్ రాతినేలల మధ్య ఉన్న కోర్కమ్రో మఠ శిథిలాలకు వెళ్ళమని నా సలహా. 1268లో యుద్ధంలో చనిపోయిన బ్రయన్ వంశపు రాజు కోనర్ ఓబ్రయన్ రాతి ప్రతిమ అక్కడ ఉత్తరపు గోడ గూటిలో పడుకుని ఉంది. తలపై పూరేకుల కిరీటం, ఒంటిమీద మడతలు పడిన దుస్తులు. అరిగిన ముఖంలో కళ్ళూ పెదవులూ ఇంకా తెలుస్తాయి. మోకాళ్ళ మీద కూర్చుని దగ్గరగా చూశాను. అక్కడికి టికెట్టు అక్కరలేదు.