మెరిసే రేకా, తెల్ల రేకా?

ప్రశ్న: మేడ మీద ఒక గది కట్టి రేకుల కప్పు వేయిద్దామనుకుంటున్నాం. అమ్మ పగలంతా ఆ గదిలోనే ఉంటుంది. రంగు లేని మెరిసే రేకు ఎండను అద్దంలా తిప్పికొడుతుందని, అదే చల్లగా ఉంటుందని మేస్త్రీ అంటున్నాడు. ఏసీ మీద ఎక్కువ ఆధారపడకూడదని మా కోరిక. ఏది వేయించమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: తెల్ల రంగు రేకు వేయించండమ్మా.

మీ మేస్త్రీ మాటలో సగం నిజం ఉంది. మెరిసే రేకు ఎండను బాగానే తిప్పికొడుతుంది. కానీ ఎంతో కొంత వేడి రేకులోకి దిగుతుంది కదా, దాన్ని మళ్లీ బయటికి వదిలే గుణం ఉత్త లోహానికి చాలా తక్కువ. ఎండలో నిలిపిన తెల్ల కారును ముట్టుకుని చూడండి. పెయింటు మీద చెయ్యి ఆనించగలం. పక్కనే తళతళలాడే క్రోమ్ పట్టీ మాత్రం చురుక్కుమంటుంది.

ఈ వేడి వదిలే గుణాన్ని ఎమిసివిటీ అంటారు. 0 నుంచి 1 వరకు లెక్క. కొత్త మెరుపు రేకుకు అది 0.25 కూడా దాటదు, రంగు రేకుకు 0.8 పైనే. తిప్పికొట్టడం, వదలడం రెండూ కలిపి చెప్పే అంకె ఎస్‌ఆర్‌ఐ (సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్). అది ఎంత ఎక్కువైతే రేకు అంత చల్లన. ప్రామాణిక నలుపుకు 0, తెలుపుకు 100. అమ్మేవాళ్లను ఆ అంకె కాగితం మీద చూపించమనండి. కొత్తలో ఎంతో ఒక్కటే కాదు, మూడేళ్లు ఎండావానా తిన్నాక ఎంతో కూడా అడగండి. తెలుపు నచ్చకపోతే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను తిప్పికొట్టే కూల్ రంగులున్నాయి. సూర్యుడి శక్తిలో దాదాపు సగం ఇన్‌ఫ్రారెడే కాబట్టి మామూలు ముదురు రంగుల కంటే అవి చాలా నయం. అయినా తెలుపుకు సాటిరావు. మందం గురించి టెన్షన్ వద్దు, అది గట్టితనానికే గాని చల్లదనానికి కాదు.

రేకుతోనే పని అయిపోదు. మా ఇంటి వెనక గదికి తెల్ల రేకే వేయించాను, కింద వేడిని ఆపే అల్యూమినియం ఫాయిల్ కూడా పెట్టించాను. అయినా మధ్యాహ్నం మూడింటికి నడినెత్తి మీద సెగ. నిచ్చెనెక్కి ఒక మూల విప్పితే విషయం తెలిసింది. పైన రేకు, కింద సీలింగు బోర్డు, రెండిటి మధ్య నలిగిపోయిన ఫాయిల్. గాలి ఖాళీ లేకపోతే ఫాయిల్ కూడా ఇంకో పల్చటి లోహమే, వేడి నేరుగా దిగిపోతుంది. చెక్క బద్దలు కొట్టించి ఫాయిల్ కింద రెండు వేళ్ల సందు వదిలించాక గానీ ఆ సెగ తగ్గలేదు.

మీకైతే ఫాయిల్‌తో పాటు 50 మిల్లీమీటర్ల గ్లాస్‌వూల్ (గాజు పీచు) గానీ రాక్‌వూల్ (రాతి పీచు) గానీ వేయించండి. దాన్ని అదిమి బిగించనివ్వకండి. వేడిని ఆపేది అందులో నిలిచే గాలే. చూరు దగ్గర గాలి లోపలికొచ్చే సందు, కొప్పు దగ్గర బయటికి పోయే సందు జాలీతో ఉంచాలి. రాత్రి రేకు చల్లబడి అడుగున తేమ బొట్లు కడుతుంది. గాలి ఆడకపోతే వూల్ తడిసిపోతుంది.

మేస్త్రీకి నమ్మకం కుదరాలంటే రెండు రేకు ముక్కలు తెప్పించి, పక్కపక్కన మిట్టమధ్యాహ్నం గంటసేపు ఎండలో పెట్టండి. తర్వాత ఆయన్నే వేలి కొనతో, జాగ్రత్తగా ముట్టుకోమనండి.