ముందు ఉమ్మడి ఫారం, తర్వాతే లెటర్‌హెడ్

ప్రశ్న: కదిరి చుట్టుపక్కల చిరుధాన్యాలు, పొదుపు సంఘాలు, దివ్యాంగుల హక్కులు, బాలికల చదువు మీద పనిచేసే చిన్న సంస్థలు చాలా ఉన్నాయి. పేదరికం, వాతావరణ మార్పు వంటి ప్రపంచ సమస్యల మీద అందరం కలిసి జిల్లా నెట్‌వర్క్ ఒకటి పెట్టాలనుకుంటున్నాం. ముందు రిజిస్టరు చేయించి, విదేశీ నిధులు తెచ్చి సభ్య సంస్థలకు పంచుదామని మాలో ఒక పెద్దాయన అంటున్నారు. ఎలా మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, కదిరి

జవాబు: పంచడం కుదరదమ్మా. విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020లో సవరించారు. ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదలాయించడం అప్పటి నుంచి నిషిద్ధం; తీసుకునే సంస్థకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్నా అంతే. పరిపాలన ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి దిగింది. మీ పెద్దాయన చెప్పినది పాత కాలపు పద్ధతి. నన్నడిగితే అది పోవడమే మేలు. డబ్బు పంచే నెట్‌వర్కుల సమావేశాలు నేను చూశాను. వాటాల మాట వచ్చేదాకా సగం మంది నోరు విప్పరు, ప్రాజెక్టు ముగిసిన ఏడాది ఒక్కరూ రారు.

రిజిస్ట్రేషన్‌కూ తొందర లేదు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు, ఎప్పుడైనా చేయించుకోవచ్చు. ఇప్పుడే మొదలుపెడితే అధ్యక్షుడెవరన్న దగ్గరే ఆగిపోతారు.

ముందు ఒక పని చూసుకోండి. మీ పల్లెల్లో ఒకే ఇల్లాలి దగ్గరకు పొదుపు సంస్థ వాళ్లు ఒక ఫారంతో, చిరుధాన్యాల వాళ్లు మరో ఫారంతో, బడి వాళ్లు ఇంకో ఫారంతో వెళ్తుంటారు. భూమి ఎంత, బోరు ఉందా, ఎవరు వలస పోయారు – అందరివీ అవే ప్రశ్నలు. ఆమె ప్రతిసారీ పని ఆపుకొని కూర్చోవాలి. ఆ ఫారాలన్నీ కలిపి ఒక్కటి చేయండి. వివరాలు ఎవరు దాచాలి, ఎవరికి చూపించవచ్చు అన్నది ఆమె అనుమతితో రాసుకోండి. ఇది కుదిరితే మీ నెట్‌వర్క్ పుట్టినట్టే.

ప్రపంచ సమస్య అందులో ఎక్కడుందంటారా? వర్షాధారపు వేరుశనగ ఎండి, బోరు అడుగంటి, కుటుంబం బెంగళూరు బస్సెక్కితే, పేదరికం, వాతావరణం, పిల్ల చదువు మూడూ ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను కేంద్ర పంచాయతీరాజ్ శాఖ పల్లెల కోసం 9 అంశాలుగా కుదించింది. నీటి సమృద్ధి గల ఊరు, పిల్లలకు అనువైన ఊరు, మహిళలకు అనువైన ఊరు, ఇలా. పంచాయతీలు తమ అభివృద్ధి ప్రణాళికను వీటి ప్రకారం వేసుకోవాలి. చాలా గ్రామసభల్లో ఈ ముక్క చదివి సంతకాలు పెట్టించుకుంటారు, అంతే. మీరు ఆ ఉమ్మడి ఫారాల లెక్క పట్టుకొని సభలో కూర్చుంటే, చెరువు పూడికతీతో, బడికి ర్యాంపో ప్రణాళికలో రాయించవచ్చు. రాయించాక నిధులు వచ్చాయా లేదా అని అడగడం మరచిపోవద్దు. అసలు శ్రమ అక్కడే.

పేరులో 'జిల్లా' అన్న మాట పెట్టకండి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది కదా అని అనంతపురం వైపు వాళ్లను వదులుకుంటే ఎలా? ఇసుక మేటలు పొలాల మీదికి వచ్చే బొమ్మనహాళ్ వాళ్లకు కరవు గురించి మీకన్నా ఎక్కువే తెలుసు.

పెద్ద సంస్థల దగ్గరకు నేర్చుకోవడానికి వెళ్లండి. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) 1969 నుంచి ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ రైతుల సహకార సంఘం చిరుధాన్యాలను ఎలా అమ్ముతుందో చూసి రండి. కానీ వాళ్లను కన్వీనర్లుగా ఉండమని బతిమాలకండి. మీ చిన్న సంస్థలు వెనక వరుసకు పోతాయి. ఏడాదికో సంస్థ బాధ్యత తీసుకోవాలి, ఎవరి ఊళ్లో కూర్చుంటే భోజనం ఖర్చు వాళ్లది.

మొదటి సమావేశానికి డైరెక్టర్లను కాదు, ఊళ్లు తిరిగే కార్యకర్తలను పిలవండి. ఫారంలో ఏ ప్రశ్న పనికిరానిదో చెప్పగలిగేది వాళ్లే.