విదేశీ పౌర సంఘాలతో కలిసి పనిచేస్తే వరంగల్ లాంటి చోట ఒరిగేదేమిటి?

సైబర్ దాడులు, వదంతులు, ఎన్నికల్లో జోక్యం కలగలిపి సాగే హైబ్రిడ్ యుద్ధాన్ని ఎదుర్కోవడానికి ప్రజాస్వామ్య దేశాల పౌర సంఘాలు చేతులు కలుపుతున్నాయంటున్నారు కదా, ఉత్తర తెలంగాణలోని చిన్న బృందానికి దానివల్ల లాభమేమిటని మీరు అడిగారు. హనుమకొండలో జర్నలిజం పాఠాలు చెప్పి రిటైరైన తర్వాత, కొందరు పాత విద్యార్థులతో కలిసి మా కాలనీలకు, చుట్టుపక్కల ఊళ్లకు వచ్చే వాట్సాప్ ఫార్వర్డ్‌లను సరిచూస్తున్న అనుభవంతో చెబుతున్నాను. సాక్ష్యం సేకరించడంలో లాభముంది. జనం నమ్మేలా చెప్పడంలో మాత్రం బయటివాళ్లు చేయగలిగింది చాలా తక్కువ.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, శత్రు విమానాన్ని కూల్చిన దృశ్యమంటూ మా గ్రూపుల్లోకి వచ్చిన వీడియోల్లో కొన్ని ఆర్మా 3 అనే గేమ్‌లోవి. వాటిని గుర్తుపట్టడానికి మాకు అక్కరకొచ్చింది, ఆ గేమ్‌ను తయారుచేసిన చెక్ సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ 2022 నవంబరులో విడుదల చేసిన వివరణ. తమ గేమ్ దృశ్యాలు యుక్రెయిన్ యుద్ధానివిగా చెలామణి అవుతుండటం చూసి, అలాంటి వీడియోలు తరచుగా మసకగా, చీకటిలో, వణికే కెమెరాతో తీసినట్టు, ధ్వని లేకుండా ఉంటాయని, కదిలే మనుషులు దాదాపు కనిపించరని ఆ సంస్థ వివరించింది. యుక్రెయిన్ కోసం రాసిన ఆ లక్షణాలే మూడేళ్లు తిరక్కముందే మన వీధిలో పనికొచ్చాయి. ఒకే అబద్ధం దేశం మార్చుకొని తిరుగుతున్నప్పుడు దాని పాత చిరునామా మరో దేశంలోనే దొరుకుతుంది కాబట్టి, దేశాల మధ్య సహకారానికి అసలైన ఆధారం ఇదేనని నా అభిప్రాయం.

ఈ పనిలో ముందు నడిచినవాళ్లు ఉన్నారు. 2014 మార్చిలో, క్రిమియా ఆక్రమణ సాగుతున్న రోజుల్లోనే, యుక్రెయిన్‌లోని కీవ్-మొహిలా జర్నలిజం పాఠశాలకు చెందిన అధ్యాపకులు, విద్యార్థులు తప్పుడు వార్తలను సరిచూసే స్టాప్‌ఫేక్ వెబ్‌సైట్‌ను ప్రారంభించారు. తైవాన్‌లో 2016లో మొదలైన కోఫ్యాక్ట్స్ అనే వేదికలో, వాట్సాప్‌లాగే అక్కడ వాడే లైన్ యాప్‌కు వచ్చిన సందేశాన్ని ఎవరైనా పంపవచ్చు, జవాబును వాలంటీర్లు రాస్తారు. దాని కోడ్, సమాచారం అందరికీ తెరిచి ఉంచడం వల్ల థాయ్‌లాండ్‌లోనూ అదే నమూనాలో పని మొదలైంది. చందాలకన్నా, సదస్సులకన్నా ఇలా తెరిచి ఉంచిన పనే మాబోటివాళ్లకు ఎక్కువ మేలు చేస్తుంది.

నమ్మకం సంగతి వేరు. 2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లో అమెరికా సేనలున్న అల్ ఉదైద్ వైమానిక స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించినప్పుడు, కొడుకులు దోహాలో ఉన్న జగిత్యాల, సిరిసిల్ల కుటుంబాలు ఎంత తల్లడిల్లాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. నగరమంతా తగలబడుతోందన్న వీడియో అబద్ధమని మేము తేల్చి పెట్టిన సందేశాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అక్కడ డ్రైవరుగా పనిచేసే ఒక జగిత్యాల మనిషి తన గది ముందు నిలబడి, "అమ్మా, మేం మంచిగనే ఉన్నం" అని పంపిన వాయిస్ మెసేజ్ ఊరూరా తిరిగింది. ఖతార్ ప్రజాస్వామ్య దేశమేమీ కాదు, ఆ మనిషి ఏ సంఘంలోనూ సభ్యుడు కాడు. అయినా సహకారమంటే ఏమిటో ఆ రాత్రి అక్కడే కనిపించింది.

పౌర సంఘం అన్న ముసుగే ఆయుధంగా మారుతుందన్న సంగతిని కూడా దాచకూడదు. తప్పుడు ప్రచారాలపై పరిశోధన చేసే, బ్రసెల్స్‌లోని ఈయూ డిస్ఇన్ఫోల్యాబ్ అనే సంస్థ 2020 డిసెంబరులో బయటపెట్టిన వ్యవహారంలో 750కి పైగా నకిలీ వార్తా సంస్థలతో పాటు, మూతపడిన స్వచ్ఛంద సంస్థల పేర్లను తిరిగి బతికించి ఐక్యరాజ్యసమితి వేదికలపై భారత్‌కు అనుకూలంగా, పాకిస్తాన్‌కు వ్యతిరేకంగా మాట్లాడించడమూ ఉంది. దాన్ని నడిపింది ఢిల్లీకి చెందిన ఒక వ్యాపార సమూహమని ఆ పరిశోధన చెప్పింది. ప్రభుత్వ ప్రమేయానికి మాత్రం ఆధారం చూపలేదు. మనకు అనుకూలమైన అబద్ధాన్ని వదిలేసి ఎదుటివాళ్ల అబద్ధాలనే లెక్కపెట్టే సంఘంతో పొత్తు పెట్టుకోవద్దని మా బృందంలో గట్టిగానే అనుకున్నాము. మే నెలలో మన వైపు ప్రచారమైన తప్పుడు వీడియోలనూ సరిచూసినందుకు మాకు తిట్లు బాగానే పడ్డాయి.

డబ్బు విషయంలో తొందరపడకండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, ఒక సంస్థ తనకు అందిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అంటే హైదరాబాద్‌లోని పెద్ద సంస్థ తన విదేశీ నిధిలో కొంత మీ బృందానికి పంచాలనుకున్నా కుదరదు. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా మీరు నేరుగా తీసుకోవడం అసలే కుదరదు. పద్ధతులు, పాత వీడియోల ఆనవాళ్లు, శిక్షణ తరగతులు ఇచ్చిపుచ్చుకోవడానికి నిధి అవసరం లేదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి.

సరిచూసిన ప్రతి ఫార్వర్డ్‌కూ అసలు దృశ్యం ఏ దేశానిది, మొదట ఎప్పుడు కనిపించింది, ఎలా తెలిసింది అన్న మూడు వివరాలు తెలుగులో రాసుకొని, కింద రెండు వాక్యాలు ఇంగ్లీషులోనూ చేర్చి అందరికీ కనిపించేలా పెట్టండి. కీవ్‌లోనో తైపేలోనో వెతికేవాళ్లకు మీ పని దొరికే దారి ఇదొక్కటే.