ఝరోకా కింద నిలబడి చూడు

తమ్ముడూ,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. అక్బర్ మీద నవల మొదలుపెట్టడానికి ధైర్యం కావాలి, అది నీకుంది. వాక్యం కూడా చేతికొచ్చింది. కానీ ఎక్కడ చూసినా కత్తులే. పానిపట్టు, చిత్తోడు, గుజరాత్... ఒక యుద్ధం దుమ్ము అణగకముందే ఇంకోటి. గెలిచాడు సరే, మర్నాడు పొద్దున ఏం జరిగింది? ఓడినవాడు ఈ కొత్త పాదుషా మాట ఎందుకు విన్నాడు? అది రాయలేదు నువ్వు. నాకైతే కథంతా అక్కడే కనిపిస్తోంది.

ఫిరంగులే మొగలు రాజ్యాన్ని నిలబెట్టినట్టు రాశావు. 1526లో బాబర్‌కు అవి బాగా పనికొచ్చాయి, కాదనను. పద్నాలుగేళ్లకే 1540లో హుమాయూన్ ఆ రాజ్యాన్ని షేర్‌షాకు పోగొట్టుకున్నాడే, అప్పుడు మాత్రం ఫిరంగులు లేవా? మన గోల్కొండ సంగతే చూడు. 1687లో ఔరంగజేబు దాదాపు ఎనిమిది నెలలు ముట్టడి వేశాడు. మొగలులు పెట్టిన మందుపాతరలు ఎదురు తిరిగి వాళ్ల సైనికులనే చంపాయి. చివరికి తలుపు తీసింది లంచం తిన్న లోపలి మనిషి.

అందుకని కాసేపు యుద్ధాలు పక్కన పెట్టి, పొలం కొలిచే మనిషి వెంట నడువు. అంతకుముందు భూమిని జనపనార తాడుతో కొలిచేవాళ్లు. తడిస్తే పొట్టిదవుతుంది, ఎండితే సాగుతుంది. రైతుకు అనుమానం, కొలిచి పన్ను లెక్కగట్టే అమీనుకు అవకాశం. అక్బర్ కాలంలో ఆ తాడు తీసేసి, వెదురు ముక్కల్ని ఇనుప కడియాలతో కలిపిన గొలుసు తెచ్చారు. 1580లో అక్బర్ రెవెన్యూ మంత్రి తోడరమల్లు వాళ్లు పదేళ్ల దిగుబడులూ ధరలూ సగటు తీసి, ప్రాంతానికో రేటు కట్టారు. సగటు పంటలో మూడో వంతు సర్కారుది. అది తక్కువేం కాదు. కాకపోతే ఎంత కట్టాలో ముందే తెలుస్తుంది. ఆ గొలుసు పొలంలో పరిచిన రోజు రైతు ఇంట్లో ఏం మాట్లాడుకుని ఉంటారో ఊహించు. నవలా రచయితగా నీకు అంతకంటే మంచి అధ్యాయం దొరకదు.

పాదుషా కొలువులో అధికారులైన మన్సబ్‌దారుల గురించి పొడిపొడిగా చెప్పి వదిలేశావు. వాళ్ల హోదా, అంటే మన్సబ్, అంకెల్లో ఉండేది. జీతం కింద శిస్తు వసూలుకిచ్చే జాగీరేమో కొన్నేళ్లకోసారి మారిపోయేది, కొడుక్కి దక్కుతుందన్న నమ్మకం లేదు. అంత పెద్ద అమీరు కూడా పాదుషా దయ మీద బతకాల్సిందే. రాజపుత్రుల సొంత గడ్డను మాత్రం వాళ్లకే వదిలారు. 1562లో అంబర్ రాజు భార్‌మల్ తన కూతుర్ని అక్బర్‌కిచ్చాడు. ఆయన వంశంలోని మాన్‌సింగ్ తర్వాత ఏడువేల మన్సబ్ దాకా వెళ్లాడు. పెళ్లిని ప్రేమకథ చెయ్యకు, ఆ పని సినిమావాళ్లు చేస్తున్నారు.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెప్పాలి. నీ అక్బర్ మరీ మంచివాడు. యాత్రికుల పన్ను తీసేసింది 1563లో, ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను తీసేసింది 1564లో. అదే మనిషి 1568లో చిత్తోడు పట్టుకున్నాక సామాన్య జనాన్ని ఊచకోత కోయించాడు. ఆస్థాన చరిత్రకారుడే ముప్ఫై వేల మంది అని రాసుకున్నాడు. పైగా దాన్ని ధర్మవిజయంగా చాటుతూ ఫత్‌నామా, అంటే విజయ ప్రకటన, పంపారు. ఒకదాన్ని దాచి ఇంకోటి చూపిస్తే అది భజన అవుతుంది, లేదా తిట్టు అవుతుంది. రెండూ పక్కపక్కనే ఉంచు.

ఆ చరిత్రకారుడు అబుల్ ఫజల్. పాదుషా వంశాన్ని ఆదాము దాకా తీసుకెళ్లాడు, దైవకాంతి ఒకటి తరతరాలుగా దిగి వచ్చి అక్బర్‌లో వెలిగిందన్నాడు. నువ్వు ఆయన్ని మాత్రమే చదివావని తెలిసిపోతోంది. అదే దర్బారులో కూర్చుని బదాయూనీ రహస్యంగా ఇంకో చరిత్ర రాసుకున్నాడు. 1579లో ఉలేమాల చేత ఒక పత్రం మీద సంతకాలు పెట్టించారు. మతపండితులు తమలో తాము విభేదిస్తే పాదుషా ఎంచుకున్న అభిప్రాయమే చెల్లుతుందని అందులో ఉంది. దాన్ని రాసినవాడు అబుల్ ఫజల్ తండ్రి. కొందరు మనసొప్పకుండానే సంతకం పెట్టారంటాడు బదాయూనీ. ఆయనకూ కడుపుమంట ఉంది, అదీ లెక్కలో పెట్టుకో. అయినా ఆ గదిలోకి వెళ్లు. కలం చేతికి తీసుకుని ఆగిన ఒక ముసలి కాజీ చాలు నీకు.

ఇక ఝరోకా. సూర్యోదయాన పాదుషా కిటికీలో కనిపించడాన్ని నువ్వు రెండు లైన్లలో అలంకారంగా వాడి వదిలేశావు. ఆ ముఖం చూడనిదే పచ్చి మంచినీళ్లయినా ముట్టని జనం ఉండేవాళ్లు, వాళ్లని దర్శనీయులు అనేవాళ్లు. గుడి అలవాటును రాజ్యం అరువు తెచ్చుకుందన్నమాట. అయితే ఆ కిటికీ పాదుషానూ కట్టేసింది. జహంగీర్ దర్బారుకు 1615లో వచ్చిన ఇంగ్లండ్ రాయబారి టామస్ రో ఇది కనిపెట్టాడు. సరైన కారణం చెప్పకుండా ఒక్కరోజు కనబడకపోతే జనం తిరగబడతారని రాశాడు. 1657లో షాజహాన్ జబ్బుపడి ఝరోకాకు రాలేకపోయాడు. చనిపోయాడని పుకారు లేచింది. కొడుకుల్లో షుజా, మురాద్ ఎవరికి వాళ్లు పట్టం కట్టుకున్నారు, ఔరంగజేబు దక్కన్ నుంచి కదిలాడు. ముసలాయన కోలుకుని మళ్లీ కనిపించినా అప్పటికే చేయి దాటిపోయింది. తర్వాత ఔరంగజేబు ఈ దర్శనాన్నే మాన్పించాడు, మనిషిని పూజించినట్టుందని.

కానీ అలవాటు ఎంత మొండిదో చూడు. 1724 తర్వాత నిజాములు తమ రాజ్యం తామే ఏలుకున్నారు. ఢిల్లీలో పాదుషా చేతిలో ఏమీ మిగల్లేదు. అయినా 1857 దాకా హైదరాబాద్ నాణేల మీద ఆయన పేరే. ఆ పేరు తీసేస్తే తమ హక్కుకు ఆధారం ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనని భయం కావచ్చు. ఇది నా ఊహ, నవల్లో పనికొస్తే వాడుకో.

నీ మొదటి అధ్యాయం కలనౌర్‌లో పదమూడేళ్ల పిల్లాడి పట్టాభిషేకంతో ఉంది కదా, దాన్ని కదపకు, బాగుంది. రెండోదీ నాలుగోదీ కొట్టేయి. వాటి చోట అమీను వచ్చిన ఊరు ఒకటి, సంతకాల రోజు ఒకటి రాసి పంపు. పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, ఈ వయసులో ఫోన్‌లో చదవలేక చస్తున్నాను.

మీ అన్నయ్య